మోతను చంపడమే నా ఉద్యోగం

తిరుపతిలో ఇప్పుడు వీధికొక రికార్డింగు గది ఉంది. పడకగది గోడలకు స్పాంజి అంటించి, కంప్యూటరు ముందు కూర్చుంటే స్టూడియో అయిపోతుంది. ఆ గదుల్లో పనిచేసే కుర్రవాళ్ళు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తారు. కాఫీ తాగి, నా పాత మైకుల్ని చేత్తో పట్టుకుని చూసి, చివరికి ఒకటే అడుగుతారు. "సార్, మీ సర్వీసులో మీకు బాగా నచ్చిన రికార్డింగు ఏది?" ఏ వెంకన్న పాట పేరో చెబుతానని వాళ్ళ ఆశ. స్వామి పాటలు నేనెన్ని రికార్డు చేశానో లెక్క స్వామికే తెలియాలి. కానీ నేను చెప్పేది మన రాక్ బ్యాండు ఆల్బమ్ గురించి. మన ఊళ్ళో రాక్ బ్యాండా అని మొహమొహాలు చూసుకుంటారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. పాటను రికార్డు చేయడం నా పని అని అందరూ అనుకునేవారు. నిజానికి పాట కానిదాన్ని చంపడం నా పని. ఫ్యాను చప్పుడు, పక్క లాడ్జీ నీళ్ళ మోటారు, కుక్కలు, ఆటోలు. వీటన్నిటికంటే పెద్ద శత్రువు కరెంటు మోత. ట్రాన్స్‌ఫార్మరు కింద నిలబడితే గుయ్యిమని వినపడుతుందే, అదే. తీగల్లోంచి మైకుల్లోకి, మైకుల్లోంచి రికార్డులోకి దొంగలా దూరుతుంది. దాన్ని వెతికి పట్టుకుని నోరు మూయించడంలో నాకు మంచి పేరు ఉండేది. నేను ఇంటికొస్తే మా ఆవిడ మిక్సీ కూడా గొంతు తగ్గిస్తుందని స్నేహితులు ఎగతాళి చేసేవారు.

ఇక బ్యాండు. చదువుకునే రోజుల్లో ముగ్గురు కుర్రవాళ్ళు కలిసి మొదలుపెట్టారు. గిటారు వాయించేవాడు పెద్ద. తర్వాత బ్యాంకులో చేరి అందులోనే రిటైరయ్యాడు. డ్రమ్స్ వాయించేవాడిది బంగారుపాళ్యం, మామిడి తోటల కుటుంబం. పాడేవాడు నగరిలో మరమగ్గాలు నడిపే వాళ్ళబ్బాయి. రాక్ అంటే ఇంగ్లీషులోనే పాడాలనుకునే కాలంలో వీళ్ళు మన మాటలో పాడారు. ఘాట్ రోడ్డు బస్సులో కడుపు తిప్పడం మీద ఒక పాట, కరెంటు పోయిన సాయంత్రం మీద ఒక పాట. వాళ్ళ క్యాసెట్లు తిరుచానూరు పూల అంగళ్ళలో కూడా మోగాయి. దేవుడి పాటలు రికార్డు చేసుకుని బతికే నేను, వాటిని ఇంట్లో తలుపేసుకుని వినేవాణ్ణి.

అప్పట్లో వాళ్ళకున్నది ఒకే ఒక ఆంప్లిఫయరు. గిటారు పెద్దమనిషే ఇనప పెట్టెలో సొంతంగా తయారు చేసుకున్నాడు. ఒక కాలేజీ వార్షికోత్సవంలో మొదటిసారి విన్నాను. పాట మొదలుకాకముందే ఆ పెట్టె గుయ్యిమంది. ముందు వరసలో కూర్చున్న నా పళ్ళు జివ్వుమన్నాయి. కార్యక్రమం అయ్యాక వెళ్ళి, "బాబూ, ఆ పెట్టె మోత ఆపుకోవాలి, నేను చూసిపెడతాను" అన్నాను. అతను నవ్వి, "అది మా నాలుగో మెంబరు సార్, దాన్ని యాడ ఆపేది?" అన్నాడు. పొగరనుకుని ఊరుకున్నాను.

రెండో క్యాసెట్ తర్వాత పాడేవాడి నాయనకు పక్షవాతం వచ్చింది. మగ్గాలు చూసుకోవడానికి ఇంకెవరూ లేరు. కార్యక్రమం ఒప్పుకున్న రోజున రాలేనని కబురు చేశాడు. "నీకు పాటలెందుకు, పోయి నూలు చుట్టుకోపో" అని గిటారతను పదిమందిలో అనేశాడట. ఆ మాట నగరి దాకా వెళ్ళింది. పాడేవాడు మళ్ళీ రాలేదు. ఆయన చోట్లోకి ఒక అమ్మాయి వచ్చింది. కీబోర్డు వాయిస్తుంది, పాడుతుంది, పగలు బడిలో లెక్కలు చెబుతుంది, అందుకే అందరం మేడమ్ అనే పిలుస్తాం. ఆమెతోనే బ్యాండు ఇన్నేళ్ళూ నడిచింది. అందరికీ జుట్టు తెల్లబడింది, పొట్టలొచ్చాయి, బ్యాండు మాత్రం ఆగలేదు. నేను చూసిన మొండితనాల్లో నాకు బాగా నచ్చినది అదే.

నేను దుకాణం కట్టేద్దామనుకుంటున్న ఏడాది గిటారాయన మా ఇంటికి వచ్చాడు.

"ఇంకొక్క ఆల్బమ్ చేస్తా ఉండాం సార్. వాడొస్తా ఉండాడు" అన్నాడు.

ఎవరని అడగాల్సిన పని లేదు. ఆయన మొహమే చెప్పింది. నగరి వెళ్ళి మగ్గాల షెడ్డు బయట నిలబడ్డాడట. ఏమని పిలిచావని అడిగితే, "ఏమీ అనలేదు. వాడు టీ తెప్పించినాడు, తాగినాం. వస్తావా అన్నా, వస్తా అన్నాడు" అన్నాడు. ఒక్క షరతు మాత్రం పెట్టాడట నగరి ఆయన. గొంతు పనికిరాకపోతే మొహమాటం లేకుండా చెప్పాలి. జాలిపడి పాడించకూడదు. ఆ చెప్పే పని నాది. "మేము చెప్పలేం సార్, మీరు బయటోళ్ళు, మీరు చెప్తే వాడు నమ్ముతాడు" అన్నాడు గిటారాయన. అరవైకి దగ్గరపడిన మనిషి ఇన్నేళ్ళ తర్వాత పాడడానికి వస్తుంటే, పనికొస్తావనో పొమ్మనో నేను చెప్పాలి. ఇంతకంటే చెడ్డ ఉద్యోగం నాకెవరూ ఇవ్వలేదు.

రికార్డింగుకు బంగారుపాళ్యం వెళ్ళాం. డ్రమ్మరుకు అక్కడ మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఉంది. సీజను అయిపోతే అందులో ఈగ కూడా ఉండదు. పెద్ద గోదాము, ఎత్తయిన పైకప్పు, గోడలకు ఏడాది పొడుగునా వదలని తీపి వాసన. వెళ్ళిన సాయంత్రం ఆఫీసు గదిలో కూర్చుని సంగటి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి తిన్నాం. తిన్నాక నగరి ఆయన చెయ్యి కడుక్కుని, మూలనున్న పాత ఫ్రిజ్జుకు ఆనుకుని నిలబడి, ఎవరూ అడగకుండానే బస్సు పాట ఎత్తుకున్నాడు. వాయిద్యం లేదు, మైకు లేదు. గొంతు బరువెక్కింది, కొంచెం గరుకు తేలింది, కానీ ప్రతి స్వరం దాని చోట్లో అది నిలబడింది. మేడమ్ కళ్ళు తుడుచుకుంది. గిటారాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఇక నేను చెప్పాల్సిందేమీ లేదని హాయిగా నిద్రపోయాను.

మర్నాడు పొద్దున్నే నా పని మొదలుపెట్టాను. శీతల గది ఆపించాను, నీళ్ళ మోటారు ఆపించాను, ట్యూబులైట్లు ఆర్పించి మామూలు బల్బులు పెట్టించాను. ఆఫీసులో ఫ్రిజ్జు తీగ కూడా పీకేశాను. దాంట్లో పెట్టుకున్న పాలు విరిగిపోయాయని వాచ్‌మన్ నన్ను చాలాసేపు తిట్టుకున్నాడు. గోదాములో చీమ నడిస్తే వినపడేంత నిశ్శబ్దం. నాకు ఎంత గర్వమో చెప్పలేను.

ఆ నిశ్శబ్దంలో ఆయన పాడడం మొదలుపెట్టాడు. పాట చెడింది.

పల్లవి బాగానే ఎత్తుకుంటాడు. స్వరం నిలపాల్సిన చోటుకు రాగానే గొంతు కొంచెం పైకి జారుతుంది. ఎక్కువ కాదు, వెంట్రుకవాసి. కానీ గిటారు ఒకచోట, ఆయన ఒకచోట. మళ్ళీ పాడించాం, మళ్ళీ అంతే. మేడమ్‌ది నిక్కచ్చి చెవి, నిక్కచ్చి నోరు.

"అన్నా, పైకి పోతా ఉండారు" అంది.

"దించుతానమ్మా" అని ఆయన దించేవాడు. రెండు పంక్తులు కిందనే ఉండి, మూడో పంక్తిలో మళ్ళీ పైకి.

మూడు రోజులు ఇలా గడిచాయి. మూడో రోజు గిటారాయన నన్ను పక్కకు పిలిచి, "మగ్గాల షెడ్డులో ఇన్నేండ్లు ఉన్నాడు గదా సార్, ఆ డబడబలకి చెవులు పోయుంటాయేమో" అన్నాడు. నాకూ అదే అనుమానం. మగ్గాల్లో పనిచేసేవాళ్ళతో గట్టిగా అరిచి మాట్లాడాలని అందరికీ తెలుసు. "కంప్యూటర్లో సరిచేయొచ్చంట గదా, చేయండి" అన్నాడు. చేశాను. ఎక్కడ జారిందో అక్కడ ఆ స్వరాన్ని పట్టి లాగి కిందికి దించాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరికీ వినిపించాను. తప్పు పట్టడానికి ఒక్క చోటు కూడా లేదు.

నగరి ఆయన చివరిదాకా విన్నాడు. తర్వాత నావైపు తిరిగి అడిగాడు.

"ఇది యెవురప్పా పాడింది?"

ఆయనకు కోపం లేదు, అదే మాకు కష్టంగా ఉంది. "నేను ముందే సెప్పినా గదా, జాలిపడొద్దని. మేడమ్ బాగా పాడుతుంది, ఆమెతో పాడించండి. మీరంతా నాకోసం శానా చేసినారు" అన్నాడు. సంచి సర్దుకుని, హైవే మీద చిత్తూరు బస్సు ఎక్కి వెళ్ళిపోయాడు. గిటారాయన గేటు దాకా వెళ్ళాడు. అక్కడ నిలబడ్డాడే గానీ, ఉండిపొమ్మని అనలేకపోయాడు.

మర్నాడు మేడమే గొడవపెట్టింది. "ముప్పై ఏండ్లుగా ఆయన పాటలు పాడినా. ఒక్కసారన్నా నాది ఆయన గొంతులాగుండాదని యెవురన్నా అన్నారా? మీరు పోయి పిల్చుకోని రాండి. లేకపోతే నేనూ పాడను." గిటారాయన తల వంచుకుని, "నేను పోతే మల్లా ఏదో ఒకటి అంటా. మీరు పోండి సార్" అని నన్ను బతిమాలాడు. తన నోటి గురించి ఇంత బాగా తెలిసిన మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు.

నగరిలో ఆ వీధి మొదట్లోనే మగ్గాల డబడబ చెవుల్లో పడింది. నేను వెళ్ళేసరికి భోజనాల వేళ. పనివాళ్ళు ఒక్కో మగ్గం ఆపుకుంటూ బయటికి వస్తున్నారు. షెడ్డులో ఆయన ఒక్కడే ఉన్నాడు. మగ్గం పిడి లాగి ఆపి, వంగి, తెగిన పోగు ముడివేస్తున్నాడు. నన్ను చూడలేదు. ముడివేస్తూ పాడుకుంటున్నాడు. మొన్న మూడు రోజులూ చెడిన పాటే.

గుమ్మంలోనే నిలబడిపోయాను. ఎక్కడా జారడం లేదు. ఫ్రిజ్జుకు ఆనుకుని పాడిన ఆ సాయంత్రం గొంతే. నిలపాల్సిన స్వరం దగ్గరికి వచ్చి దాన్ని అలాగే నిలబెట్టి వదిలాడు. ఆ వదిలిన చోట ఇంకేదో అదే స్వరంలో మోగుతూనే ఉంది. నేను చెవి రిక్కించాను. మగ్గం ఆగింది గానీ దాని మోటారు ఆగలేదు. గుయ్యిమంటోంది. నా పాత శత్రువు.

"ఆ మోటారు ఒకసారి ఆపప్పా" అన్నాను.

ఆయన ఉలిక్కిపడి, నన్ను చూసి, నవ్వాడు. "రాండి సార్, కూసోండి, అన్నం తిందాం."

"తిందాం. ముందు అది ఆపి, ఇదే పాట పాడు."

ఆపాడు. పాడాడు. నాలుగో పంక్తిలో ఆగిపోయి చుట్టూ చూశాడు. "ఏందో సార్, బోసిగా ఉండాది" అన్నాడు.

ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి, పుస్తకాల్లో ఉన్నా ఎవరూ పట్టించుకోరు. మన కరెంటుకు ఒక శ్రుతి ఉంది. నగరి మగ్గం మోటారైనా, తిరుమల కొండమీద ట్రాన్స్‌ఫార్మరైనా, బంగారుపాళ్యంలో వాచ్‌మన్ పాలు పెట్టుకునే ఫ్రిజ్జయినా ఒకే స్వరంలో మోగుతాయి. ఆ స్వరం కీబోర్డులో ఏ మెట్టు మీదా పడదు, రెండు మెట్ల మధ్యలో పడుతుంది. ఆయన పైకి జారడం లేదు. ఆ మధ్య చోటుకు వెళ్ళి నిలబడుతున్నాడు. మేమందరం మెట్టు మీద ఉండి, ఆయన తప్పాడంటున్నాం.

"మీ పాత పెట్టె ఉండేదే, గుయ్యిమనేది, దానికి గిటారు ఎట్లా శ్రుతి చేసేవాళ్ళు?" అని అడిగాను.

"దానికే చేస్తా ఉంటిమి" అన్నాడు, అదొక వింతా అన్నట్టు. "ఆ మోత యేం చేసినా పోయేది కాదు సార్. పాటలో పానకంలో పుడక మాదిరి తగిలేది. ఇంగ గిటార్నే దాని కాడికి తెచ్చినాం. అప్పుడు పాటలో కలిసిపాయ, ఇనేవోళ్ళకి తెలిసేది కాదు."

మోత పోకపోతే మోతకే పాటను కలిపారు! ఆ వయసులో వాళ్ళకు ఆ తెలివి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మిగతావాళ్ళు తర్వాత మంచి పరికరాలు కొనుక్కుని ఆ శ్రుతిని మర్చిపోయారు. ఈయన మాత్రం ఆ పెట్టెను వదిలి నేరుగా మోటార్ల మధ్యకి వచ్చి, ఇన్నేళ్ళూ ఆ శ్రుతిలోనే ఉండిపోయాడు. మగ్గాలు ఆయన చెవులు పాడుచేశాయని మేమనుకున్నాం. మగ్గాలు ఆయన శ్రుతిని దాచిపెట్టాయి.

ఇదంతా ఆయనకు చెప్పాను. చేతుల మీది నూలు దుమ్ము దులుపుకున్నాడు. "అట్లయితే నాది తప్పు కాదంటారా?" అన్నాడు చివరికి. కాదన్నాను. ఆయన మొహం తిప్పుకున్నాడు. అన్నం తిని ఇద్దరం కలిసే బయల్దేరాం.

పాత పెట్టె గిటారాయన ఇంట్లో అటక మీద ఉంది. దాని మీద వాళ్ళావిడ ఊరగాయ జాడీలు పెట్టుకుంది. జాడీలు దించి, దులిపి, బంగారుపాళ్యం తెచ్చాం. పనిచేయలేదు. విప్పాను, ఎండిపోయిన సామాన్లు మార్చాను, వదులైన మరలు బిగించాను, తీగలన్నీ శుభ్రంగా సర్దాను. స్విచ్చి వేస్తే పెట్టె చక్కగా పలికింది. మోత మాత్రం లేదు. ఒక్క చుక్క లేదు.

డ్రమ్మరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "సార్ చెయ్యి పడితే అంతే! నాలుగో మెంబర్ని సంపేసినారు" అన్నాడు.

బతుకంతా చేసిన పనిని వెనక్కి చేయడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. బిగించిన మరల్ని వదులు చేశాను. మోత రాకుండా అడ్డుపెట్టే రేకు తీసేశాను. తీగల్ని మళ్ళీ చిందరవందర చేశాను. ఎర్తు మాత్రం ముట్టుకోలేదు; షాక్ కొట్టి అందరం పోతే ఆల్బమ్ ఎవరు వింటారు? ఎట్టకేలకు అది గుయ్యిమంది. నా చేతుల్తో నేను పుట్టించిన మొదటి మోత. గోదామంతా చప్పట్లు.

ఇక హెడ్‌ఫోన్లు లేవు, శ్రుతి చూపే ట్యూనర్లు లేవు. గిటారాయన ఆ పెట్టె పక్కన నేలమీద కూర్చుని, చెవి దానికి ఆనించి, ఒక్కో తీగా తిప్పుకుంటూ వచ్చాడు. కుర్రప్పుడు అలాగే కూర్చునేవాడట. మేడమ్ కీబోర్డు లోపల ఎక్కడో శ్రుతిని జరిపే చోటు వెతికి, కొంచెం కొంచెంగా పైకి తెచ్చింది. "నా చెవి ఒప్పుకోవడం లేదబ్బా" అని గొణుక్కుంటూనే తెచ్చింది. అన్నీ కలిసిన క్షణం నాకు తెలుసు, ఎందుకంటే మోత మాయమైంది. ఆగలేదు, పాటలోకి వెళ్ళిపోయింది.

గిటారాయన తల ఎత్తి నగరి ఆయన వైపు చూశాడు.

"నీ కాడికే వచ్చినాం పో. పాడు" అన్నాడు.

ఇన్నేళ్ళ కింద అన్న మాటకు ఆయన చెప్పుకున్న క్షమాపణ అదే అనుకుంటాను. నగరి ఆయన తల ఊపి కళ్ళు మూసుకున్నాడు. డ్రమ్మరు పుల్లలు తట్టాడు.

ఆ పాట గురించి ఎక్కువ రాయను, దొరికితే వినండి. ఒకసారే పాడాడు, అదే ఆల్బమ్‌లో ఉంది. నిలపాల్సిన స్వరం దగ్గర ఆయన నిలబెట్టాడు, మేడమ్ కింద నుంచి దానికి ఆసరా ఇచ్చింది, పెట్టె రెండింటినీ మోసింది. పాట అయ్యాక మేడమ్ తన చేతుల మీద లేచిన రోమాలు చూపించి, "చెవి ఒప్పుకోకపోయినా ఒళ్ళు ఒప్పుకునింది" అంది. తర్వాత, "అయితే ఈ పెట్టె నాలుగోది, నేను ఐదోదాన్నన్నమాట" అని నవ్వింది. మిగతా పాటలన్నీ అదే శ్రుతిలో, అదే వారంలో అయిపోయాయి. పనికొస్తావా లేదా అన్న తీర్పు నేను చెప్పనే లేదు, నన్నెవరూ అడగనూ లేదు.

చివరి పని నా దగ్గర మిగిలింది. పాటకు ముందు, పాటకు తర్వాత ఆ మోత ఒంటరిగా వినపడుతుంది. ఇప్పటి కంప్యూటర్లలో ఒక్క మీట నొక్కితే అది పోతుంది. అలవాటుగా చెయ్యి మీట దాకా వెళ్ళింది. కాసేపు అలాగే ఉంచి, తీసేశాను. ఆల్బమ్ ఆ మోతతోనే మొదలవుతుంది. కొన్ని క్షణాలు అదొక్కటే, తర్వాత గిటారు వచ్చి దాంట్లో చేరుతుంది. నేను చేసిన చివరి రికార్డు అది. ఆ తర్వాత మైకులు పెట్టెలో సర్దేశాను.

ఆల్బమ్ బయటికొచ్చిన రోజు ఫోనులో పాట కింద మొట్టమొదటి వ్యాఖ్య ఎవరో కుర్రవాడు రాశాడు. "పాట సూపర్, కానీ స్టార్టింగులో కరెంటు సౌండు వస్తోంది, రికార్డింగు చేసినాయనకి పని రాదు." మా ఆవిడకు చదివి వినిపిస్తే, పని నేర్చుకోవడానికి ఇప్పుడైనా తీరిక దొరికింది కదా అంది.

ఆ మధ్యాహ్నమే నగరి నుంచి ఫోను. "షెడ్డులో అందరికీ వినిపిస్తా ఉండాను సార్, మీరూ ఇనండి" అని ఫోను అక్కడే పెట్టాడు. మగ్గాల డబడబ ఒక్కొక్కటే ఆగింది. గుయ్యిమన్న మోత మిగిలింది. ఇంకా పాట పెట్టలేదని ఎదురుచూస్తున్నాను. ఉన్నట్టుండి ఆ మోతలోంచే గిటారు లేచింది. అప్పుడు అర్థమైంది, పాట ఎప్పుడో మొదలైందని. అందులో ఏది షెడ్డు మోటారో, ఏది నా రికార్డో, ముప్పై ఏళ్ళకు పైగా దాన్నే వేటాడిన నా చెవికి తెలియలేదు.